ఇరవై రెండు అడుగులు

రొటేషన్ 5, రోజు 1

ఆసుపత్రికి అప్పజెప్పాల్సిన లాగ్‌బుక్కు వేరే ఉంది. అందులో నేను చాలా మంచి డాక్టర్ని. ఇది నా సొంతానికి రాసుకునేది, కాబట్టి ఆ శ్రమ పడక్కర్లేదు.

నేను హైమ, పునరావాస వైద్యంలో రెండో ఏడాది రెసిడెంటుని. మూడు నెలలకో రొటేషను, రొటేషనుకో పేషెంటు. ఇవాళ ఐదోది మొదలైంది, వెన్నుపాము వార్డులో. పొద్దున్నే ఆరింటికి కాళ్ళకి తొడిగే నడక చట్రాలన్నీ చార్జింగు నుంచి తీసి, కీళ్ళ దగ్గర పేరుకున్న ఉప్పు తుడవాలి. ఏడింటికి పేషెంట్లని పక్కకి తిప్పి వీపు మీద పుండ్లు పడ్డాయేమో చూడాలి. ఎనిమిదింటికి మూత్రం సంచుల లెక్క. ఇన్నేళ్ళు చదివింది ఇందుకా అని మా బ్యాచ్‌లో అందరూ అనుకుంటారు, పైకి మాత్రం ఎవరూ అనరు. తొమ్మిదింటికి పెద్దాయన వస్తారు. పెద్దాయనంటే మా విభాగాధిపతి డాక్టర్ పరాంకుశం. ఆయన ముందు నవ్వకూడదని రూలేమీ లేదు గానీ ఇంతవరకూ ఎవరికీ నవ్వు రాలేదు.

నా వంతుకి వచ్చిన పేషెంటు నూకరత్నం. ముప్పై రెండేళ్ళు, కంభాలపేటలో మూడో వరస ఇల్లు, ఉప్పు గిడ్డంగిలో కొలత పని. రెండు నెలల కిందట బస్తాల దొంతర కూలి నడుం మీద పడింది. వెన్నుపాము తెగలేదు, నలిగింది. చట్రం తొడిగితే రోజంతా నడుస్తుంది. చట్రం తొడిగితే కొయ్యబొమ్మ కూడా నడుస్తుంది, అందులో గొప్పేమీ లేదు. చట్రం తీసేస్తే ఎంత నడుస్తుందన్నదే కంభాలపేటకి కావాలి. సముద్రం మధ్యలో కంభాల మీద నిలబెట్టిన ఊరది. తుపాను సైరను మోగగానే ముందు పోయేది కరెంటే. కరెంటు పోతే చట్రం ఉత్త ఇనుప సామాను. ఏ ఇంటి గడప నుంచైనా షెల్టరు తలుపుకి అరవై అడుగులు. ఆ అరవై సొంత కాళ్ళతో నడవలేనివాళ్ళు ఆ ఊళ్ళో ఉండటానికి వీల్లేదు. వాళ్ళని మెట్ట శిబిరానికి పంపుతారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం అంచనా రాశాను. ఇది మా ఆసుపత్రి పద్ధతి. మొదటి రోజున రెసిడెంటు తన పేషెంటుని చట్రం లేకుండా పది నిమిషాలు చూసి, తొంభయ్యో రోజున ఎన్ని అడుగులు నడుస్తుందో ఒక అంకె రాసి కవరులో పెట్టి అతికించాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ అంకె నకలు పెద్దాయన చేతి మీదుగా ఇళ్ళ బోర్డుకి వెళ్తుంది. అరవైకి తక్కువైతే ఇంట్లో పేషెంటు వాటా అప్పుడే వరసలో ఉన్న ఇంకో కుటుంబానికి రాసేస్తారు. పేషెంటుకి మాత్రం చెప్పరు, చెబితే కష్టపడటం మానేస్తుందని. తొంభయ్యో రోజున నడక పరీక్ష. అరవై నడిస్తే ఆ వాటా తిరిగి ఇవ్వాల్సిందే, బోర్డువాళ్ళు ఎంత విసుక్కున్నా సరే. ఇక రెసిడెంటు సంగతి. రాసిన అంకెకీ నడిచిన అడుగులకీ తేడా మూడు మించకపోతే పాసు. మించితే ఫెయిలు, ఎక్కువ నడిచినా ఫెయిలే.

నేను ఇప్పటికి రెండుసార్లు ఫెయిలయ్యాను. ఒకాయనకి డెబ్బై రాశాను, ముప్పై ఒకటి నడిచి కూలబడ్డాడు. ఇంకొకాయనకి పదిహేను రాశాను, నలభై ఎనిమిది నడిచి వచ్చి నాకు దండం పెట్టాడు. మూడోసారి ఫెయిలైతే మెట్ట శిబిరానికి డాక్టరుగా పంపిస్తారు, చచ్చేదాకా. పోయిన నెల మా బ్యాచ్‌లో బషీర్‌ని పంపించారు.

అంచనా గదిలో ఎవరూ మాట్లాడకూడదు. నూకరత్నాన్ని చేతులతో పట్టుకునే రెండు బార్ల మధ్య నిలబెట్టి, నడవమని చెయ్యి ఊపాను. కుడికాలు వేసింది. ఎడమకాలు నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది. పది నిమిషాల్లో మూడు అడుగులు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, అయినా నావైపు చూసి నవ్వింది. ఇరవై రెండు అని రాసి కవరు అతికించాను.


రోజు 9

పేషెంట్లలో రెండు రకాలు. అడిగిన ప్రశ్నే అడిగేవాళ్ళు, అసలేమీ అడగనివాళ్ళు. నాకు రెండో రకం ఇష్టం. నూకరత్నం మొదటి రకం.

"డాక్టరమ్మా, అరవై వొస్తాయంటారా?"

"చూద్దాం."

"నిన్న కూడా సూద్దామన్నారు."

"ఇవాళ కూడా అదే అంటున్నాను."

"పోన్లెండి, రేపడుగుతాను," అని నవ్వింది. కోపం రాదు ఈ మనిషికి. ఇవాళ నాలుగు అడుగులు. నా ఇరవై రెండుకి ఏ ఢోకా లేదనిపించింది, మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.


రోజు 17

వార్డు వంటగది తలుపు సరిగ్గా బార్లకి ఎదురుగా ఉంటుంది. పొద్దున నూకరత్నం బార్ల మధ్య నిలబడి ఎడమకాలిని తిడుతోంది. లోపల వంటావిడ మానికతో బియ్యం కొలవడం మొదలెట్టింది. "లాభం... రెండూ... మూడూ..." ఆవిడదీ కోస్తా ఊరే, కొలతలో ఒకటి అనరు, మొదటిది లాభం. "లాభం" అన్నప్పుడు నూకరత్నం కుడికాలు వేసింది. "రెండూ" అన్నప్పుడు ఎడమకాలు లేచి ముందుకి పడింది. "మూడూ"కి కుడిది. "నాలుగూ"కి మళ్ళీ ఎడమ. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. వంటావిడ పదకొండు మానికలు కొలిచింది. నూకరత్నం పదకొండు అడుగులు వేసింది.

"పదిహేనేళ్ళు ఉప్పు కొలిసినానమ్మా," అంది రొప్పుతూ. "లాభం అంటే ఓ కాలు, రెండంటే ఓ కాలు. అలగే కదా ఒంగి లెగిసేది."

ఆ మనిషి తల నుంచి కాలికి వెళ్ళే దారి నలిగిపోయింది గానీ చెవి నుంచి కాలికి వెళ్ళేది బాగానే ఉన్నట్టుంది. పుస్తకాల్లో ఉంది ఇది, నేనూ చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అంచనా రాసేముందు ఒక్కసారి నోరు తెరిచి లెక్కపెట్టి చూడాలని మాత్రం తోచలేదు, ఆ గదిలో మాట్లాడకూడదు కదా. ఈ ఆసుపత్రిలో చదువుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు.

ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఇరవై రెండులోంచి పదకొండు తీసేసి చూసుకున్నాను.


రోజు 18

లెక్క వేశాను. పదిహేడో రోజుకి పదకొండంటే, నెలన్నరలో అరవై. నా మూడో ఫెయిలు బార్ల మధ్య నడుచుకుంటూ వస్తోంది.

పొద్దున బార్ల దగ్గర ఒక కాగితం అతికించాను: ఇక్కడ బిగ్గరగా లెక్కపెట్టరాదు, తోటి రోగులకు ఇబ్బంది. వంటావిడకి బియ్యం కొలవడం వెనక స్టోరులో పెట్టుకోమని చెప్పాను. ఎందుకని అడిగింది. శుభ్రత అన్నాను. నూకరత్నం మెల్లిగా గొణుక్కోవడం మొదలెడితే, పెదవులు కూడా కదపొద్దన్నాను.

"ఎందుకమ్మా? లెక్కకైతే కాలు లెగుస్తంది కదా."

"అది అలవాటైతే మళ్ళీ మానలేవు. కాలు కాలుగా నేర్చుకోవాలి."

"అలగేనమ్మా," అంది. డాక్టరు చెప్పింది కదా, అందుకే నమ్మింది. సాయంత్రానికి ఆరు అడుగులకి దిగింది.


రోజు 31

ఆదివారం పడవ మీద భర్త వచ్చాడు. దానయ్య, మంచినీటి యంత్రాల దగ్గర పని. ఏడేళ్ళ కూతురు పైడిని కూడా తీసుకొచ్చాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ చట్రాన్ని అటూ ఇటూ తట్టి చూసి, అమ్మ బాగుందని తేల్చింది. తల్లి శిబిరానికి పోతే పిల్ల తండ్రి దగ్గరే ఉంటుంది, నడిచేవాళ్ళు నడిచేవాళ్ళతోనే అని రూలు.

దానయ్య నన్ను పక్కకి పిలిచాడు.

"డాక్టరమ్మా, మా ఇంట్లో సగం వాటా ఎవులికో ఇచ్చీసినారు. ఐదుగురు జనం. తాత్కాలికమే అన్నారు. మా మడిసి వొచ్చేసరికి ఎల్లిపోతారు కదా?"

"ఇళ్ళ సంగతి నాకు తెలియదు. నేను కాళ్ళ డాక్టర్ని."

"ఆళ్ళు గోడకి మేకులు కూడా కొట్టీసుకున్నారమ్మా."

బోర్డుకి కబురు పెట్టు అని చెప్పి తప్పుకున్నాను. ఇవాళ లెక్క లేకుండానే నూకరత్నం పంతొమ్మిది నడిచింది. కూతురు చూస్తోందని.


రోజు 44

ఇరవై ఏడు. మొండిది. పెదవి కదపకుండానే లోపల్లోపల కొలుచుకుంటోందని నా అనుమానం. మెడ దగ్గర నరం తాళం వేసినట్టు కదులుతుంది.

కాళ్ళ బిగుతు తగ్గించే మందు ఉంది. వెన్నుపాము దెబ్బతిన్న ప్రతివాళ్ళకీ ఎంతో కొంత ఇస్తాం. ఎక్కువిస్తే బిగుతుతో పాటు నిలబడే శక్తీ పోతుంది, ఎందుకంటే చాలామంది ఆ బిగుతు మీదే నిలబడతారు. నూకరత్నానికి డోసు రెట్టింపు చేశాను. చార్టులో 'బిగుతు అధికంగా ఉన్నది' అని రాశాను. అది అబద్ధం కాదు, వార్డులో అందరికీ ఉంది.


రోజు 51

పద్నాలుగు.

"కాళ్ళు తడిగుడ్డలైపోనాయమ్మా," అంది. మొదటిసారి నవ్వలేదు. అరవై వస్తాయా అని కూడా అడగలేదు. నాకు కావలసిన రెండో రకం పేషెంటైంది, అయినా వార్డులోకి వెళ్ళబుద్ధి కావడం లేదు.


రోజు 58

పెద్దాయన రౌండ్స్ అయ్యాక టీకి పిలిచారు. అలా పిలవడం మంచికి కాదని అందరికీ తెలుసు. బిస్కెట్ కూడా ఇచ్చారు.

"నీ పేషెంటు ఎంతలో ఉంది?"

"పద్నాలుగు సార్."

"చార్టు చూశాను." టీ ఊదుకుని తాగారు. "మందు కాస్త తగ్గించమ్మా."

దొరికిపోయాననుకున్నాను. నిజం చెప్పాలంటే దొరికిపోతే బాగుండునని కూడా అనిపించింది.

"పద్నాలుగైతే తప్పే కదా," అన్నారాయన. "నువ్వు రాసింది ఇరవై రెండు. అటు పోయినా ఫెయిలే, ఇటు పోయినా ఫెయిలే. పిల్లలు కంగారులో ఎక్కువ పోసేస్తారు. పులుసులో ఉప్పులాగా చూసి వెయ్యాలి."

"సార్, ఆవిడ అరవై నడవగలదు."

"నడవగలదేమో. నడిపించడానికి చట్రాలున్నాయి. ఎంత నడుస్తారో ముందే చెప్పడానికి మనం ఉన్నాం. ఇళ్ళు మూడు వందలు, వరసలో తొమ్మిది వందల కుటుంబాలు. బోర్డుకి కావలసింది నడిచేవాళ్ళు కాదు, మాట తప్పని డాక్టర్లు." బిస్కెట్ల ప్లేటు నావైపు జరిపారు. "నువ్వు తెలివైనదానివి హైమా. నిన్ను మెట్టకి పంపడం నాకిష్టం లేదు."

రెండో బిస్కెట్ కూడా తిన్నాను. డోసు పాతదానికి దించాను.


రోజు 66

చట్రాల గది వెనక బట్టలు ఆరేసే వరండా ఉంది. మధ్యాహ్నం చార్జింగు తీగ కోసం అటు వెళ్తే, ఆరేసిన దుప్పట్ల వెనక రెండు ఒట్టి పాదాలు కనిపించాయి. చట్రం విప్పి గోడకి ఆనించి ఉంది. పాదాలు వరండా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాయి, తిరిగి వచ్చాయి. నేను దుప్పటి ఇవతల నిలబడి లెక్కపెట్టాను. నలభై ఒకటి.

దుప్పటి తప్పించగానే ఆమె గోడ పట్టుకుంది. దొంగతనం చేస్తూ దొరికినట్టు బిక్కచచ్చిపోయింది.

"తప్పయిపోనాదమ్మా. మీరొద్దన్నారు, నాను లెక్కెట్టీసినాను. పైకెట్టనేదు, కడుపులోనే ఎట్టుకున్నాను. కోప్పడకండి."

నాకు ఎంత సిగ్గేసిందో రాయడానికి మాటలు చాలవు. నేను చెడ్డదాన్నని నాకు తెలుసు, ఆ సంగతి ఆమెకి తెలియకపోవడమే భరించలేకపోయాను. చట్రం నేనే తొడిగి బెడ్ దాకా తీసుకెళ్ళాను. దారిలో ఆమె నన్ను ఓదార్చింది, ఎండలో తిరగకండమ్మా మొకం వాడిపోనాది అని.


రోజు 70

నిర్ణయించుకున్నాను. మెట్టకి నేనే పోతాను. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఎక్కడున్నా వీపులు తిప్పి పుండ్లు చూడటమే కదా. కాగితం బార్ల మీంచి చించి పారేశాను.

"ఇవాళ్టి నుంచి లెక్కపెడదాం," అన్నాను.

"మాననేనన్నారు కదమ్మా?"

"తప్పు చెప్పాను."

"అలగనకండి," అంది.


రోజు 75

ఒక చిక్కు వచ్చింది. పరీక్షలో నడిచేవాళ్ళు నోరు మెదపకూడదు. రెసిడెంటు రెండు బారల దూరంలో ఎదురుగా వెనక్కి నడుస్తూ పైకి లెక్కపెట్టాలి. నేను పైకి లెక్కపెడుతుంటే ఆమె లోపల కూడా లెక్కపెట్టుకుంటోంది, రెండూ కలవక కాలు తడబడుతోంది. మూడు రోజులు ఇదే గోల. చివరికి చెప్పాను, నీ లెక్క పూర్తిగా వదిలెయ్, నా నోరు చూడు, నేను మాటంటే నువ్వు అడుగు వెయ్యి, నేను అనకపోతే వెయ్యకు అని.

"మీరే కొలవండి, నాను బస్తానైపోతాను," అంది. నేను నవ్వాను. ఈ రొటేషన్లో అదే మొదటిసారి.


రోజు 79

అరవై నాలుగు!

చట్రం లేకుండా, బార్లు ముట్టుకోకుండా అరవై నాలుగు. చివరి అడుగుకి వచ్చి నా భుజాల మీద పడింది, ఇద్దరం కలిసి బెంచీ మీద కూలబడ్డాం. వంటావిడ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

"మీ నోట్లోంచి లాభం అని వొస్తే సాలమ్మా, నా కాలు దాని దారిన అది ఎల్లిపోతంది," అంది నూకరత్నం. "మా అమ్మ నడక నేర్పింది నాకు గేపకం నేదు. మీరు నేర్పింది ఎప్పుడూ మరిసిపోను."


రోజు 84

సరుకుల పడవలో బషీర్ ఉత్తరం వచ్చింది. బషీర్ మంచివాడు. చీమకి దెబ్బ తగిలినా కట్టు కట్టే రకం, ఎవరి గురించీ చెడుమాట అనగా వినలేదు. ఉత్తరం ఒక్క పేజీ.

నాలుగు వందల మందికి తనొక్కడే. చట్రాలు లేవు, మందులు ఆరు వారాలకోసారి. నీళ్ళు వారానికి ఒక బకెట్టు, అందులోనే అన్నీ. వీపు పుండ్లు పడకుండా తిప్పడానికి మనుషులు లేరు, అందుకని ఎవరిని తిప్పాలో రోజూ పొద్దున తనే ఏరుతాడు. తనకి ముందున్న డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడట, పన్నెండో మంచం మీద. నిన్న అతన్ని ఏరలేదట. చివర రాశాడు: 'నువ్వు రావొద్దు హైమా. ఎవరిని తోసైనా సరే, రావొద్దు.'

ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. బషీర్ చేతిరాత కూడా మారిపోయింది. మధ్యాహ్నం నూకరత్నాన్ని నడిపించడానికి వెళ్ళలేదు, తలనొప్పి అని చెప్పి పంపాను. ఆమె వంటావిడతో అల్లం టీ పెట్టించి పంపింది.


రోజు 87

రోజూ నడిపిస్తున్నాను. అరవై ఒకటి, అరవై మూడు, అరవై మూడు. అంకెల్లో ఏ తేడా లేదు. తేడా అంతా నాలో ఉంది. ఆమె నడుస్తుంటే ఇదివరకు కాళ్ళు చూసేదాన్ని. ఇప్పుడు ఆమె నా నోటి వంక ఎలా చూస్తోందో చూస్తున్నాను.

మెట్టకి నేనే పోతానని డెబ్బయ్యో రోజున రాసిన మాట మళ్ళీ చదువుకున్నాను. అప్పటికి నాకు మెట్ట అంటే ఒక పేరు. పన్నెండో మంచం సంగతి తెలియదు.


రోజు 90

పరీక్ష పదింటికి. బల్ల దగ్గర పెద్దాయన, బోర్డు నుంచి ఇద్దరు. అద్దం వెనక దానయ్య, అతని భుజాల మీద పైడి. హాలు పొడవునా తెల్లగీత. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుంది, చట్రం విప్పి గీత మీద నిలబడింది. నన్ను చూసి కళ్ళతోనే పలకరించింది, మాట్లాడకూడదు కదా.

"లాభం," అన్నాను.

బోర్డువాళ్ళలో ఒకాయన తలెత్తి చూశాడు. పెద్దాయన చెయ్యి ఊపారు, పర్వాలేదని. కుడికాలు పడింది. రెండు. మూడు. బాగా నడుస్తోంది, ఇంత బాగా ఎప్పుడూ నడవలేదు. చేతులు కూడా ఊపుతోంది. పది దాటింది. పదిహేను. నేను వెనక్కి నడుస్తున్నాను, ఆమె నా నోరు చూస్తూ నా మీదకి వస్తోంది. ఇరవైకి అద్దం వెనక పిల్ల చప్పట్లు కొట్టడం కనిపించింది, వినిపించలేదు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు.

ఇరవై మూడు దగ్గర గుటక మింగాను. నేను చేసింది అంతే. ఒక్క ఊపిరి సేపు.

ఆసుపత్రి లాగ్‌బుక్కులో గొంతు ఎండిందని రాసుకోవచ్చు. గొంతు ఎండలేదు. పొద్దున చట్రాలు తుడుస్తున్నప్పటి నుంచీ ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. ఆమె కాలు సగం లేచి, నా మాట కోసం గాల్లోనే ఆగింది. ఆమెకి అలాగే నేర్పాను, నేను అనకపోతే వెయ్యకు అని. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు "ఇరవై నాలుగు" అన్నాను, గట్టిగా, అందరికీ వినబడేట్టు. అప్పటికే మోకాలు మడతపడిపోయింది. పక్కకి పడింది, మోచెయ్యి నేలకి కొట్టుకున్న చప్పుడు హాలంతా వినిపించింది.

పడితే పరీక్ష అయిపోయినట్టే. పెద్దాయన ఇరవై మూడు అని రాసుకున్నారు. కవరు చింపారు.

"ఇరవై రెండు. శభాష్ హైమా! ఈ ఏడాది ఇంత దగ్గరగా చెప్పినవాళ్ళు లేరు."

బోర్డువాళ్ళు లేచి చేతులు కలిపారు. వాళ్ళ మధ్యలోంచి చూస్తే నూకరత్నం ఇంకా నేల మీదే కూర్చుని, రెండు చేతులతో ఎడమకాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.


రోజు 92

మెట్ట పడవ పదకొండింటికి. పేషెంటుని రేవు దాకా దింపి రావడం రెసిడెంటు డ్యూటీ. చట్రం ఆసుపత్రిది కాబట్టి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మోచేతికి కట్టు నేనే కట్టాను. దానయ్యా, పైడీ అప్పటికే రేవులో ఉన్నారు. దానయ్య రెండు రోజుల్లో నలిగిపోయాడు.

"డాక్టరమ్మా, మళ్ళీ ఒక్కపాలి నడిపించి సూడ్డానికి అవదా? ఏదో కాయితం ఉంటాదంటన్నారు మా ఊళ్ళో."

ఉంటుంది. నా టేబులు సొరుగులో ఉంది. లెక్కపెట్టడంలో పొరపాటు జరిగిందని రెసిడెంటు మూడు రోజుల్లోగా సంతకం పెడితే మళ్ళీ పరీక్ష పెడతారు. ఇవాళ రెండో రోజు.

"అలాంటిదేమీ లేదు," అన్నాను. "ఎవరో తప్పు చెప్పారు."

నూకరత్నం కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. పిల్ల నొప్పెడుతోందని గింజుకుంటే, "ఉండే, నాలుగు దినాలు ఊడకండా ఉండాల," అని ఇంకా బిగించింది. రిబ్బను కట్టి, పిల్ల తల మీద చెయ్యి వేసి, మొగుడి వైపు తిరిగింది.

"ఒగ్గీయి మావా, ఆ తల్లిని ఇసిగించకు. మూడు నెల్లు నా ఎనకాల పడి సచ్చింది."

పడవవాడు గంట కొట్టాడు. నూకరత్నం నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ అరచేతుల్లో ఉప్పు కొలిచిన కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

"డాక్టరమ్మా, మీరు అరవై నాలుగు నడిపించినారు. పెద్దోళ్ళ ముందర నానే మీ పరువు తీసీసినాను. మీ కొలత సక్కగానే ఉన్నాది, నా కాలే ఎనకబడిపోనాది. రెండు రేత్రులు నిద్దర నేదమ్మా నాకు. తప్పు నాది. మనసులో ఎట్టుకోకండి."

దానయ్య తల దించుకున్నాడు. నేను ఆమె చేతులు విడిపించుకోలేదు.

"నేనేమీ మనసులో పెట్టుకోలేదు," అన్నాను. "వెళ్ళిరా."

ఆ మాటకి ఆమె మొహం తేటపడింది. కళ్ళు తుడుచుకుని, ఇంక ఎక్కించీమంది.